పేరు పెట్టే ముందు పక్క పేర్లు చూడండి

అక్టోబరులో నల్లరేగడికి పదును కుదిరిందంటే ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల విత్తనాల అంగళ్లలో శనగ మాటే నడుస్తుంది. అక్కడ రైతు "మంచి శనగలు ఇయ్యి" అని అడగడు. "జేజీ లెవెన్ ఉందా" అంటాడు, లేదంటే "ఎన్‌బీఈజీ నలభై ఏడు" అంటాడు. ఆ అక్షరాల వెనక ఏముందో ఆయనకు అక్కర్లేదు, మనకు కావాలి. జేజీ అంటే జవహర్ గ్రామ్. మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రకం, 1999లో విడుదలైంది. ఎన్‌బీఈజీ అంటే నంద్యాల బెంగాల్ గ్రామ్, మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో తయారైన శనగ. పేరులో మొదటి ముక్క ఎక్కడిదో, ఏ పంటో చెబుతుంది. చివరి అంకె ఏ రకమో చెబుతుంది. ఆ స్థానం నుంచి 3 వచ్చింది, 47 వచ్చింది, 49, 119, 452 వచ్చాయి. అంకె పెద్దదైనంత మాత్రాన రకం గొప్పదని కాదు. ఒకదాన్ని ఇంకొకటని పొరబడకుండా కాపాడితే దాని పని అయినట్టే.

వరిలోనూ ఇదే వరస. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మార్టేరు, ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల, ఎన్‌డీఎల్ఆర్ అంటే నంద్యాల. ఇన్ని ఊళ్లలో ఇంతమంది శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా రకాలు విడుదల చేస్తున్నా ఒకరి పేరు ఇంకొకరి పేరుకు అడ్డం రాలేదు. పద్ధతి ముందే కుదిరింది కాబట్టి ప్రతిసారీ పంచాయితీ పెట్టుకునే పని లేకపోయింది.

పద్ధతి వదిలేస్తే ఏమవుతుందో కూడా ఇక్కడే కనబడుతుంది. బాపట్లలో 1986లో విడుదలైన బీపీటీ 5204కు వాడుకలో పేరు సాంబ మసూరి. కేసీ కాల్వ కింద పండి, మిల్లు దాటి సంచిలోకి చేరేసరికి అదే బియ్యం కర్నూలు సోనా అవుతుంది, నంద్యాల సోనా అవుతుంది, ఇంకో అంగట్లో వట్టి సోనా మసూరి అవుతుంది. అసలు సోనా మసూరి వేరే రకం, దాని అంకె బీపీటీ 3291. అన్నం తినేవాడికి దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. నారు పోసేవాడికి మాత్రం సంచి మీది పేరు చాలదు, 5204 అనే అంకె కావాలి.

విత్తనాల పేర్ల సంగతే సాఫ్ట్‌వేర్‌ పేర్లకూ వర్తిస్తుంది. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో చదువుకుని ఓపెన్‌సోర్స్ పనిలో చేయి పెట్టాలనుకునే పిల్లలు సాధారణంగా కోడ్ గురించి భయపడతారు. నన్నడిగితే భయపడాల్సింది పేరు గురించి. కోడ్‌లో తప్పుంటే ఎవరో ఒకరు చూస్తారు, దిద్దుతారు, వచ్చే వెర్షన్‌లో అది మాయమవుతుంది. పేరు అలా పోదు. మీ ప్యాకేజీ పేరును వేరే ప్యాకేజీలు తమ అవసరాల జాబితాలో రాసుకుంటాయి. ఎవరో సర్వర్లకు రాసుకున్న స్క్రిప్టుల్లో అది కూర్చుంటుంది. మీరెప్పుడూ చూడని ఊళ్లో ఒక సిస్టమ్ అడ్మిన్ దాన్ని టైపు చేస్తూ ఉంటాడు. డెబియన్ లాంటి లినక్స్ డిస్ట్రోలో, అంటే ప్యాకేజీలను పోగుచేసి పంచే వ్యవస్థలో, ఇలాంటి ప్యాకేజీలు అరవై వేలకు పైగా ఉన్నాయి. అంత గుంపులో మీ పేరును గుర్తుపట్టాల్సింది మీ క్లాస్‌మేట్ కాదు, మిమ్మల్ని ఎన్నడూ ఎరగని మనిషి. ఈ అధ్యాయంలో నేను చెప్పే ప్రతి సలహా ఆ మనిషి పక్షాన నిలబడి చెప్పేదే.

చేరే ఊరి కట్టుబాటు

మొదటి పని, మీరు చేరబోయే డిస్ట్రోలో మీలాంటి ప్యాకేజీలను ఏమని పిలుస్తున్నారో వెతికి చదవడం. డెబియన్‌లోనైతే టెర్మినల్ తెరిచి ఆప్ట్ సెర్చ్ కొట్టండి, జాబితాను ఓపిగ్గా కిందిదాకా చూడండి. పద్ధతి దానంతటదే కనబడుతుంది.

డెబియన్‌లో ప్యాకేజీ పేరుకు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, ప్లస్, మైనస్, చుక్క మాత్రమే వాడాలి. కనీసం రెండు అక్షరాలుండాలి. మొదటిది అక్షరమో అంకెయో అయ్యుండాలి. అండర్‌స్కోర్‌కు చోటు లేదు, దానికొక కారణముంది. డెబియన్ ఫైలు పేరులో ప్యాకేజీ పేరును, వెర్షన్‌ను, ప్రాసెసర్ రకాన్ని విడదీసేది అండర్‌స్కోరే. అదే గుర్తును పేరు లోపల కూడా వాడితే పేరు ఎక్కడ ముగిసిందో, వెర్షన్ ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. ఇలాంటి నియమాలు చూస్తే కొత్తవాళ్లకు చాదస్తం అనిపిస్తుంది. కారణం తెలిశాక అనిపించదు.

పైథాన్ లైబ్రరీ అయితే పేరు పైథాన్3 అని మొదలై, అడ్డగీత తర్వాత మీరు ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేసే పేరు వస్తుంది. బ్యూటిఫుల్ సూప్ అనే అందమైన పేరున్న లైబ్రరీ డెబియన్‌లో పైథాన్3-బీఎస్4గా ఉండటానికి కారణం ఇదే, ఇంపోర్ట్ చేసేటప్పుడు రాసేది బీఎస్4 కాబట్టి. పెర్ల్ లైబ్రరీ అయితే ముందు లిబ్, చివర పెర్ల్. సీ లైబ్రరీని ఆధారంగా చేసుకుని కొత్త ప్రోగ్రాము కట్టేవాళ్లకు కావాల్సిన ఫైళ్లు విడిగా, చివర "-డెవ్" తగిలించుకుని ఉంటాయి.

ఫెడోరా అనే ఇంకో డిస్ట్రోకు వెళ్లండి, కట్టుబాటు మారుతుంది. అక్కడ "-డెవ్" కాదు, "-డెవెల్". డెబియన్‌లో అపాచీ2 అనే వెబ్ సర్వర్ ఫెడోరాలో హెచ్‌టీటీపీడీ. డెబియన్‌లో చిన్న అక్షరాలతో, మధ్య అడ్డగీతతో రాసే నెట్‌వర్క్-మేనేజర్ అక్కడ పెద్ద అక్షరాలతో, గీత లేకుండా కలిసిపోయి ఉంటుంది. లిబ్రేఆఫీస్‌కు తెలుగు కావాలంటే డెబియన్‌లో "లిబ్రేఆఫీస్-ఎల్10ఎన్-టీఈ", ఫెడోరాలో "లిబ్రేఆఫీస్-ల్యాంగ్‌ప్యాక్-టీఈ". చివరి టీఈ రెండుచోట్లా ఒకటే, ఎందుకంటే అది తెలుగుకు అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చిన రెండక్షరాల గుర్తు, ఏ డిస్ట్రో సొంతమూ కాదు.

ఏది మంచిదని వాదనకు దిగకండి. ఆ వాదనలు చాలా జరిగాయి, వాటివల్ల ఒక్క ప్యాకేజీ కూడా తయారవలేదు. నంద్యాల చుట్టూ ఉన్న నవనందులను తీసుకోండి: ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, గరుడనంది, వినాయకనంది, కృష్ణనంది, మహానంది. అన్నిటికీ ఇంటిపేరు చివర ఉంది, ఏ గుడో చెప్పే ముక్క ముందుంది. యాత్రికుడు ఎక్కడినుంచి వచ్చినా రెండు పేర్లు వింటే మూడోదాని తీరు పట్టేస్తాడు. ఫెడోరాలో ఫాంట్ల పేర్లు ఇలాగే నడుస్తాయి, లోహిత్-తెలుగు-ఫాంట్స్ అన్నట్టు. డెబియన్‌లో ఇంటిపేరు ముందుకొస్తుంది, ఫాంట్స్-లోహిత్-టెలు అని. అకారాది జాబితాలో ఫాంట్లన్నీ ఒకచోట చేరాలంటే డెబియన్ వరస మెరుగు, ఇది నా అభిప్రాయం. అయినా ఫెడోరాలో పని చేస్తున్నప్పుడు నా అభిప్రాయాన్ని జేబులో పెట్టుకుంటాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత ప్యాకేజీలు కట్టేవాళ్ల కోసమే పుట్టిందేమో.

మారేదాన్ని పేరులోకి రానివ్వకండి

తెలుగు ఫాంట్ల చరిత్రలో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లు లినక్సులో తెలుగు చదవడం అలవాటైన తరానికి బాగా తెలుసు. డెబియన్‌లో ఒకప్పుడు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ పేరు "టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్". టీటీఎఫ్ అనేది ఫాంటు ఫైలు తరహా. కొంతకాలానికి ఓపెన్‌టైప్ తరహా ఫైళ్లు పెరిగాయి. అప్పుడు కొన్ని ప్యాకేజీలకు ముందు టీటీఎఫ్, కొన్నిటికి ఓటీఎఫ్ అని రాయాల్సి వచ్చింది. ఒకే ఫాంటు తరహా మారితే పేరూ మార్చాలి. రెండు తరహాల ఫైళ్లూ ఒకే ప్యాకేజీలో ఉంటే ఏమని పిలవాలి? వాడుకరికి కావాల్సింది తెలుగు అక్షరం తెరమీద కనబడటం, ఫైలు లోపల వంపుల లెక్క ఎలా దాచారన్నది ఆయనకు అనవసరం.

చివరికి డెబియన్ ఫాంట్ల బృందం ముందుభాగాన్ని "ఫాంట్స్-" అని మార్చింది. 2013లో వచ్చిన వీజీ అనే డెబియన్ విడుదల నాటికి ఆ మార్పు చాలావరకు కనిపించింది. తెలుగు ప్యాకేజీ "ఫాంట్స్-టెలు" అయింది. ఆ టెలు కూడా ఎవరో తోచినట్టు కత్తిరించింది కాదు, తెలుగు లిపికి అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న నాలుగక్షరాల గుర్తు. భాషకు టీఈ, లిపికి టెలు. ఫాంటు గీసేది లిపిని కాబట్టి లిపి గుర్తు, లిబ్రేఆఫీస్ అనువాదం భాషది కాబట్టి భాష గుర్తు. ఎంత చిన్న తేడా చూడండి, ఎంత శ్రద్ధగా పాటించారో.

మీ ప్యాకేజీకి పేరు రాసుకున్నాక ఒక్కో ముక్క దగ్గర ఆగి, ఐదేళ్ల తర్వాత కూడా ఇది నిజమేనా అని అడగండి. ఫైలు తరహా మారుతుంది. కాలేజీ పేరు మారవచ్చు, బృందం చెదిరిపోవచ్చు. "న్యూ", "లేటెస్ట్", "ఫాస్ట్" లాంటి మాటలు పెట్టిన రోజున నిజం, ఆరు నెలలకు అబద్ధం. వెర్షన్ అంకె కూడా పేరులో ఉండకూడదు, దానికి వేరే గది ఉంది. సీ లైబ్రరీల్లో మాత్రం ఒక మినహాయింపు: లైబ్రరీ లోపలి కట్టు మారి, పాతదీ కొత్తదీ ఒకే మిషన్ మీద పక్కపక్కన బతకాల్సి వస్తే ఆ అంకెను పేరు చివర చేరుస్తారు. కారణం ఉన్న మినహాయింపు అది. శనగలో 47ను 119 పక్కన వేరే పేరుతో అమ్మక తప్పనట్టే.

వెర్షన్ గదిలోనూ కొంచెం జాగ్రత్త. 1.9 తర్వాత వచ్చేది 1.10. చుక్క తర్వాతి భాగాన్ని డెబియన్ పూర్ణాంకంగా చదువుతుంది, దశాంశంగా కాదు. పరీక్షకు వదిలే వెర్షన్‌ను 2.0 తర్వాత టిల్డ్ గుర్తు పెట్టి బీటా అని రాస్తే అది అసలు 2.0 కంటే ముందుదిగా లెక్కకొస్తుంది. తేదీని వెర్షన్‌గా వాడి, ఏడాది తర్వాత మనసు మార్చుకుని 1.0 అన్నారనుకోండి. 20240115 పక్కన 1.0 చాలా చిన్నది, కాబట్టి కంప్యూటర్ దాన్ని పాతదనుకుంటుంది. దీన్ని సరిచేయడానికి వెర్షన్ ముందు ఇపాక్ అనే అంకె, కోలన్ తగిలించాలి. ఒకసారి తగిలిస్తే ఆ ప్యాకేజీ ఉన్నంతకాలం అది ఉండాల్సిందే.

ఖాళీగా ఉందా, లేదా?

డెబియన్‌లో చాలాకాలం "గిట్" అంటే మీరనుకునే గిట్ కాదు. గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే ఫైళ్ల నిర్వహణ ప్రోగ్రాము ఆ పేరును ముందే తీసుకుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ ప్రపంచమంతా పాకినా డెబియన్‌లో మాత్రం "గిట్-కోర్" అనే పేరుతో సర్దుకోవాల్సి వచ్చింది. పాతది గ్నూఇట్‌గా పేరు మార్చుకుని పక్కకు జరిగాక, 2011 నాటి స్క్వీజ్ విడుదలలో గిట్ తన పేరుతో తాను కనిపించింది. క్రోమియం బ్రౌజరుకూ అదే అవస్థ. ఆ పేరుతో అప్పటికే ఒక అంతరిక్ష పోరాట ఆట ఉంది. నోడ్ గొడవ ఇంకా ముదిరింది. హామ్ రేడియో వాళ్ల ప్రోగ్రాము ఒకటి నోడ్ అనే ఆజ్ఞను వాడుతోంది, నోడ్‌జేఎస్ వాళ్లూ అదే కావాలన్నారు. తగవు 2012లో డెబియన్ సాంకేతిక కమిటీ దాకా వెళ్లింది.

ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. పొట్టి మాట, అందరికీ పనికొచ్చే మాట ఎప్పుడూ ఇంకొకరికి కూడా కావాలి. అందుకే "టూల్స్", "యుటిల్స్", "తెలుగు" లాంటి పేర్లను ఒంటరిగా తీసుకోకండి. మీ ప్రోగ్రాము తెలుగు అంకెలను మాటల్లో రాసేదైతే ఆ పని పేరులో కనబడాలి. తెలుగు మొత్తాన్నీ మీ పేరున రాసుకుంటే రేపు తెలుగు అక్షరదోషాలు దిద్దే ప్రోగ్రాము రాసేవాడు ఎక్కడికి పోవాలి? ఇంకో మాట, ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక వర్ణక్రమానికి కట్టుబడండి. నంద్యాల చివర "ఏ" అనే ఇంగ్లీషు అక్షరం రాయాలా వద్దా అన్నది ప్యాకేజీకో తీరుగా ఉంటే వెతికేవాడికి సగమే దొరుకుతాయి.

దగ్గరి పేరు పెట్టడంలో ఇంకో ప్రమాదముంది, అది వేరే తరహా మనుషులది. 2017లో ఎన్‌పీఎం అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగిలో క్రాస్-ఎన్వ్ అనే పేరున్న ప్యాకేజీకి నకలుగా, అడ్డగీత లేకుండా క్రాసెన్వ్ అని ఒకటి పెట్టారు. పొరపాటున గీత మరిచి టైపు చేసినవాళ్ల మిషన్లలోంచి రహస్య వివరాలు బయటికి పంపేది అది. పేరున్న రకానికి దగ్గరి పేరు అచ్చువేసిన నకిలీ విత్తనాల ప్యాకెట్ సంగతి మన ప్రాంతంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా పేరున్న ప్యాకేజీకి ఒక్క అక్షరం తేడాతో పేరు పెట్టకండి, ఆ అనుమానం మీ మీద పడుతుంది.

ముద్దుపేరు సంగతి

ఇదంతా విని కొందరు నీరసపడతారు. అంతా కోడ్ అక్షరాలేనా, మన ఊరి పేరో మన కవి పేరో పెట్టుకునే దారి లేదా అని. ఉంది. శనగల్లోనే చూడండి. ఎన్‌బీఈజీ 47కు ధీర అనే పేరు కూడా ఉంది. మొక్క నిటారుగా ఎదిగి యంత్రంతో కోతకు అనువుగా ఉండే రకం అది, పేరు చక్కగా అతికింది. ధీర పోస్టరు మీద ఉంటుంది, 47 విత్తన పరీక్ష కాగితం మీద ఉంటుంది. రెండూ ఒకదాని పని ఇంకొకటి చేయబోవు. డెబియన్ విడుదలలూ అంతే. 2023లో వచ్చిన 12కు బుక్‌వర్మ్ అని, 2025లో వచ్చిన 13కు ట్రిక్సీ అని టాయ్ స్టోరీ సినిమా బొమ్మల పేర్లు. మాట్లాడుకునేటప్పుడు ముద్దుపేరు, లెక్క తేల్చేటప్పుడు అంకె.

సిలికానాంధ్ర తెలుగు విజయం పేరిట వచ్చిన ఫాంట్లను గుర్తుచేసుకోండి: గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, శ్రీకృష్ణదేవరాయ. పేర్లు వింటేనే సంతోషం. ఆ పేర్లు ఫాంటు ఎంచుకునే మెనూలో కనిపిస్తాయి. డెబియన్‌లో మాత్రం అవన్నీ "ఫాంట్స్-తెలుగువిజయం" అనే ఒక్క ప్యాకేజీలో బుద్ధిగా కూర్చున్నాయి. "పెద్దన" అని ఒంటరి ప్యాకేజీ ఉంటే అది ఫాంటో, ఛందస్సు సరిచూసే ప్రోగ్రామో ఎవరు చెప్పగలరు? పేరు గొప్ప, ఊరు దిబ్బ అనిపించుకోకూడదంటే గొప్ప పేరును మెనూలో పెట్టి, పని చెప్పే పేరును గిడ్డంగిలో పెట్టండి.

ప్యాకేజీలతో పని లేని పాఠకులకూ ఇందులో సగం పనికొస్తుంది. నంద్యాల బ్యాంకు కోచింగుకు పేరుపడ్డ ఊరు. అక్కడ పిల్లల ల్యాప్‌టాప్ తెరిస్తే "రీజనింగ్ ఫైనల్", "రీజనింగ్ ఫైనల్ న్యూ", "రీజనింగ్ అసలు ఫైనల్" అనే ఫైళ్లు వరసగా కనబడతాయి. విషయం ముందు, తేదీ తర్వాత, తేదీలో ఏడాది ముందు, నెల, రోజు తర్వాత పెట్టండి. నెలకూ రోజుకూ రెండంకెలు రాయండి. అప్పుడు అకారాది వరసా కాలం వరసా ఒకటే అవుతాయి. ఇంతకంటే దీని గురించి చెప్పేదేం లేదు.

మార్చక తప్పకపోతే

కర్నూలును, కడపను కలిపిన కాల్వకు కేసీ అనే పేరు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి వచ్చింది. కడప ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరం 2005లో సీ నుంచి కే అయింది. జిల్లా పేరూ తర్వాత మారింది. 2022 ఏప్రిల్లో నంద్యాల కూడా కర్నూలు నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. కాల్వ మాత్రం కేసీనే. దాన్ని మార్చమని ఎవరూ అడగలేదు, అడిగితే కాల్వ కింది రైతు నవ్వుతాడు. పాతబడ్డా పని చేస్తున్న పేరును అందం కోసం కదిలించకండి.

కొన్నిసార్లు మార్పు బయటినుంచి వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పేరు, గుర్తు వాడకం మీద మొజిల్లాతో భేదం వచ్చి డెబియన్ 2006లో ఆ బ్రౌజర్‌ను ఐస్‌వీజల్‌గా మార్చింది. 2016లో మళ్లీ ఫైర్‌ఫాక్స్ అయింది. ఇలాంటప్పుడు పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని ఉంచుతారు. లోపల ఏమీ ఉండదు, కొత్త పేరున్న ప్యాకేజీ కావాలి అనే ఒక్క మాట తప్ప. పాతది అప్‌గ్రేడ్ చేసినవాడికి కొత్తది దానంతటదే వచ్చి చేరుతుంది. సాధారణంగా ఒక విడుదల కాలం అది ఉంటుంది, తర్వాత తీసేస్తారు. కొత్త ప్యాకేజీలో పాతదాని స్థానం తీసుకుంటున్నానని, పాతదానితో కలిసి ఉండలేనని రాసే గడులు కూడా ఉంటాయి. వాటిని నింపకపోతే రెండు ప్యాకేజీలు ఒకే ఫైలు మీద కొట్టుకుని వాడుకరి అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతుంది.

ఈ తంటా అంతా తప్పించుకునే చవకైన దారి పేరును ముందుగా నలుగురిలో పెట్టడం. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ కట్టాలనుకునేవాళ్లు ముందు ఐటీపీ అనే ప్రకటన పంపాలి. ప్యాకేజీ పేరు, వెర్షన్, అసలు రచయిత, లైసెన్సు, ఏ భాషలో రాసింది, ఒక్క వాక్యంలో వివరణ. అది డెవలపర్లందరి కళ్లలో పడుతుంది. పేరు బాగాలేదని ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోకండి, కోడ్ గిడ్డంగి ఎక్కకముందు వినబడిన అభ్యంతరం ఉచితం. ఆ ఒక్క వాక్యం వివరణకూ నియమముంది. ఎనభై అక్షరాల లోపు ఉండాలి, ప్యాకేజీ పేరును మళ్లీ చెప్పకూడదు. నా సలహా, పేరుకంటే ముందు ఆ వాక్యం రాయండి. కాగితం మీద, తెలుగులో రాసుకున్నా సరే. అందులో ఏ రెండు మాటలు తీసేస్తే వాక్యం అర్థం కాకుండా పోతుందో చూసి, వాటిని చిన్న అక్షరాల్లోకి, అడ్డగీతల్లోకి మార్చి ఆప్ట్ సెర్చ్‌లో కొట్టి చూడండి. ఏమీ రాకపోతే ప్రకటన పంపండి.